పూలు లేని వాకిలి

క్యాప్సికం మొక్కకు దారం చుట్టడం జడ అల్లడం లాంటిదే. లేత కణుపు విరగకుండా, పైనున్న ఇనుప తీగ దాకా మెల్లగా తిప్పుకుంటూ పోవాలి. ఆ పని నాగరత్నమ్మకు కోడలు స్వర్ణలత నేర్పింది. 'కొమ్మను లాగొద్దత్తా. దారాన్నే దాని చుట్టూ తిప్పు. దాని దోవన దాన్ని పోనీ' అంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి తనను ఎవరూ అట్లా పోనివ్వలేదే అనుకుంది నాగరత్నమ్మ.

గుడుపల్లె దగ్గర ప్లాస్టిక్ కప్పు కింద క్యాప్సికం పండించే ఆ పాలీహౌస్‌ను ఊరంతా మహేష్ పాలీహౌస్ అంటారు. తెల్లవారకముందే లోపలికి పోయి, ఒక్కో ఆకునూ తిప్పి అడుగుభాగం చూసేది స్వర్ణలత. ఏ మడికి ఎంత నీళ్ళు, ఏ కొమ్మ ఉంచాలి, ఏ పిలక గిల్లాలి అన్నీ ఆమె చేతికే తెలుసు. మళ్ళీ ఇంటికొచ్చి సంగటి గెలికి, బట్టలుతికి, ఎండ దిగగానే మళ్ళీ మొక్కల్లోకి. కొడుకు మహేష్ కాయల పెట్టెలు కుప్పానికి తోలి, టీ అంగడి దగ్గర పొగడ్తలు అందుకుని వస్తాడు. 'మా ఆవిడ కూడా అప్పుడప్పుడూ సాయం చేస్తాదప్పా' అంటాడట. భాద్రపదం వానలకు తడిసిన కోడలి కాళ్ళు చూసినప్పుడల్లా నాగరత్నమ్మకు ఆ 'అప్పుడప్పుడూ' గుర్తొచ్చేది.

పాలీహౌస్‌కు రెండు తలుపులు. మొదటిది పూర్తిగా మూసుకున్నాకే రెండోది తీయాలి. ఇంకో కట్టడి కూడా పెట్టింది స్వర్ణలత. తల్లో పూలతో ఎవరూ లోపలికి రాకూడదు. 'పూలల్లో తామరపురుగు ఉంటాది. కంటికి ఆనదు. తల్లోనించి దిగి ఆకు కిందికి పోతాది' అని కూలికొచ్చే ఆడవాళ్ళకు చెప్పింది. వాళ్ళు మొదట సణిగినా, పూలు బయట మేకుకు తగిలించి రావడం అలవాటు చేసుకున్నారు.

భర్త కృష్ణప్ప పోయాక నాగరత్నమ్మ పెళ్ళిళ్ళలో వెనక వరసకు జరిగింది. పొద్దున ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే ఎదురుపడకుండా గోడవారకు తప్పుకోవడం నేర్చుకుంది. ఈ ప్లాస్టిక్ కప్పు కింద మాత్రం అన్ని తలలూ ఒకటే. ఎవరి తల్లోనూ పూలు లేవు. పొద్దుగూకేదాకా ఆమె అక్కడే ఉండేది.

పోయిన దసరాకు మహేష్ ఆయుధ పూజ అని లోపలంతా బంతిపూల మాలలు కట్టాడు. ఇంకో నెల తిరగకముందే ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. 'మందు నువ్వే సరిగ్గా కొట్టలే' అని పెళ్ళాన్ని అన్నాడు. స్వర్ణలత ఏడవలేదు. పైరంతా పీకి కుప్ప వేస్తూ, 'ఇంకోసారి ఇట్లయితే నేనుండనత్తా. మదనపల్లి నర్సరీలో పనికి రమ్మంటాండారు. పోతా' అంది, ఉప్పు అయిపోయిందని చెప్పినట్లు. అమ్మ, చెల్లెలు, కృష్ణప్ప, ఎవరు దూరమైనా ముందు ఇట్లాంటి నిమ్మళమైన మాటే ఒకటి విన్నది నాగరత్నమ్మ.

మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. పుంగనూరు నుంచి కృష్ణప్ప అక్క చెంగమ్మ బంతిపూల గంపతో దిగింది. పొద్దున్నే స్వర్ణలత తల్లో కనకాంబరాలు తనే పెట్టింది. మహేష్ మాల భుజాన వేసుకుని పాలీహౌస్ వాకిలి దగ్గరకొచ్చాడు.

"లోపలికొద్దు. బైట మోటరుకు ఏసుకో" అంది స్వర్ణలత.

"ఆయుధ పూజకు పూలొద్దంటే ఊరు నవ్వదా?"

"ముత్తయిదువ అనాల్సిన మాటేనా అది?" అంది చెంగమ్మ. "నాగరత్నా, నువ్వు రవంత పక్కకు జరుగు. శుభమా అని పూజ చేస్తాంటే."

నాగరత్నమ్మ అలవాటుగా జరిగింది.

స్వర్ణలత నడుముకున్న తాళంచెవి తీసి మొగుడి ముందు చాచింది. "తీస్కో. నీ పాలీహౌస్ కదా" అంది. కోపం లేదు. అదే నిమ్మళం.

మహేష్ చెయ్యి చాచేలోపల నాగరత్నమ్మ మధ్యలోకి వచ్చి తాళంచెవి అందుకుంది. తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"వదినా, ఈడికి రావల్లంటే నా మాదిరిగా రావల్ల."

"థూ! ఏం మాటలే అవి, పండగ పూట!"

"ఆ పొద్దు నా తల్లో పూలు తీసింది నువ్వే కదా. నేనేమన్నా సచ్చిపోతినా? చెట్లు బతకల్లంటే నువ్వూ తీ."

కూలి ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"అమా, అందరూ సూస్తాండారు" అన్నాడు మహేష్ గొంతు తగ్గించి.

"సూడనీ నాయనా. ఆ మాల తీసుకపోయి ట్రాక్టరుకు ఎయ్యి. అది ఆకు ముడుచుకోదు."

అత్త ముఖంలోకి చూసింది స్వర్ణలత. తల వెనక్కి చెయ్యి పోనిచ్చి, కనకాంబరాలు తీసి మేకుకు తగిలించింది. కూలి ఆడవాళ్ళూ ఒక్కొక్కరే తగిలించారు. మహేష్ మాలతో ట్రాక్టరు దిక్కు నడిచాడు. స్వర్ణలత, చెంగమ్మ చేతిలోని పసుపు కుంకుమల పళ్ళెం తీసుకుని అత్త చేతిలో పెట్టింది.

"నువ్వు ముందు నడువత్తా."

ఎంతకాలంగానో ఎవరూ ఆమెను ముందు నడవమనలేదు. తాళం తీసి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని నాగరత్నమ్మ గడప దాటింది. పూలు తీసినవాళ్ళంతా లోపలికొచ్చాక మొదటి తలుపు మూసుకుంది. రెండోది తీయబోతుంటే వెనక దబదబా చప్పుడైంది.

"తలుపు తియ్యే నాగరత్నా" అంది బయటి నుంచి చెంగమ్మ, విసుగ్గా. "మేకుకు తగిలించినాలే."