గుమ్మం బయటి స్టూలు

లిఫ్టు మెకానిక్కు పదేళ్ళలో దేశపు ఫుట్‌బాల్ జట్టు ఆడిన పెద్ద ఆట ఒక్కటీ వదల్లేదు. మన వాళ్ళు కొట్టిన గోలు మాత్రం ఒక్కటీ చూడలేదు. ఆట ఉన్న రోజున అత్తగారింట్లో, మూడో అంతస్తులో, అందరూ టీవీ ముందు చేరేవాళ్ళు. అతను తలుపు అవతల, మెట్ల మలుపులో, స్టూలు మీద కూర్చునేవాడు.

ఇది శిక్ష కాదు. ఆ ఇంట్లో అతనికి జరిగినంత మర్యాద ఇంకెవరికీ జరగదు. స్టూలు మీది మెత్త అత్తగారు తన చేత్తో కుట్టింది. ఆట మొదలయ్యే ముందు ఒక టీ, సగంలో ఇంకో టీ, ఓరగా తెరిచిన తలుపులోంచి గాజుల చెయ్యి ఒకటి అందించి వెళ్ళేది. మామగారైతే ప్రతిసారీ ఇదే మొదటిసారన్నట్టు గొంతు సవరించుకుని, "అల్లుడు గారూ, మీరు మరోలా అనుకోకపోతే..." అని ఆగిపోయేవాడు. అతను మరోలా అనుకోకుండా లేచి వెళ్ళేవాడు.

పెళ్ళయిన కొత్తలో మొదలైంది ఇదంతా. ఆరోజు మన వాళ్ళు మొదట్లోనే రెండు గోల్సు తిన్నారు. అప్పుడే అతనికి ఫోనొచ్చింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ముగ్గురున్నారు. ఇంట్లో గోలకి మాట వినపడక మెట్ల మీదికి వెళ్ళి, కంగారు పడొద్దని వాళ్ళకి చెబుతూ పావుగంట నిలబడ్డాడు. ఆ పావుగంటలో మన వాళ్ళు మూడు కొట్టారు. లోపలికి రాబోతే బావమరిది, సిటీ బస్సు డ్రైవరు, తలుపుకి అడ్డంగా నిలబడి, "బావా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇంకో ఐదు నిమిషాలు అక్కడే ఉండు" అన్నాడు. ఉన్నాడు. గెలిచారు. ఆ ఐదు నిమిషాలు పదేళ్ళయ్యాయి.

గోడ అవతల తిరిగే మోటారుకి ఏ రోగముందో చెవితో పట్టడం అతని వృత్తి. అందుకని స్టూలు మీద కూర్చున్నా ఆట అతనికి తెలిసిపోయేది. మామగారి కుర్చీ కిర్రుమంటే బంతి వాళ్ళ గోలు దగ్గరికి వెళ్ళిందన్నమాట. చెప్పు గోడకి తగిలితే బావమరిది విసిరాడని, మన వాళ్ళెవరో ఖాళీ గోలు ముందు బంతిని ఆకాశంలోకి తన్నారని. ఏ చప్పుడూ లేకపోతే గోలు తిన్నట్టు.

అతను ఎవరికీ, భార్యకి కూడా, చెప్పని సంగతి ఒకటుంది. అతనికి ఆ స్టూలు ఇష్టం. లోపలి వాళ్ళు ఆట చూస్తారు, తను ఆడిస్తాడు. గెలిచిన రోజున తలుపు భళ్ళున తెరుచుకునేది. అందరూ ఒకరినొకరు వదిలేసి అతని మీదికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. పుస్తకాలు బైండు చేసే మామగారు, జిగురు వాసన వేసే చేతులతో, మెట్ల మీదే అతన్ని వాటేసుకునేవాడు. చిన్నప్పటినుంచీ అతన్ని అంతగా కావాలనుకున్న వాళ్ళు లేరు. ఉన్నాడా లేడా అని ఎవరూ వెతకని పిల్లాడిగా పెరిగినవాడికి, లేకపోవడమే ఒక ఉద్యోగంగా దొరికింది.

రెండు వారాల కిందట ఆ సుఖం చెడింది.

మామగారికి ఆటల పుస్తకం ఒకటుంది. నీలం గుడ్డ అట్టతో తనే కుట్టుకున్నాడు. తేదీ, ఎవరితో, ఎన్నికెన్ని, ఆ పక్కన 'అల్లుడు గారు' అని ఒక గడి, చివర కారణాలు. ఆదివారం పొద్దున ఊరికే తిరగేస్తుంటే, తన గడి పక్కన పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసిన కొత్త గడి కనిపించింది అతనికి. పైన 'నేను' అని ఉంది. కింద వంకర అక్షరాలతో నాలుగుసార్లు 'బయట'.

అది అతని కూతురి రాత. ఎనిమిదేళ్ళది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

"ఎక్కడి బయటే?" అని అడిగాడు.

"వెనక బాల్కనీలో. ఆరేసిన బట్టల మధ్య." కూతురు సంతోషంగా చెప్పింది. "నువ్వు ముందువైపు, నేను వెనకవైపు. మొన్న స్కూల్లో మా క్లాసు వాళ్ళు ఆడుతుంటే కూడా నేను చూడకుండా మెట్ల కింద కూర్చున్నా. గెలిచారు. నాకు నీ పోలికేగా నాన్నా."

ఆ పిల్ల ఏడ్చి ఉంటే అతను ఓదార్చేవాడు. ఏడవలేదు. మొహంలో గర్వం ఉంది. ఆ గర్వం అతనికి బాగా తెలుసు, అది తనదే. బట్టల మధ్య ముడుచుకుని, లోపలి చప్పుళ్ళు వింటూ, నేను లేకపోబట్టే వీళ్ళు సంతోషంగా ఉన్నారు అనుకునే పిల్ల కళ్ళముందు మెదిలింది. తనకైతే ముద్దొచ్చిన సంగతి, కూతురి ఒంటి మీద చూసేసరికి గాయంలా కనిపించింది.

అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం, ఆట సమంగా ముగిసినా చాలు పెద్ద పోటీకి వెళ్ళిపోతాం అని దేశమంతా దేవుళ్ళకి మొక్కుకుని కూర్చున్న పూట, అతను లోపలికొచ్చి సోఫా చివర కూర్చున్నాడు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మామగారు గొంతు సవరించుకున్నాడు. "అల్లుడు గారూ, మీరు మరోలా..."

"ఇవాళ ఇక్కడే కూర్చుంటాను మావయ్య గారూ."

అత్తగారు మెత్త తెచ్చి అతని వీపు వెనక సర్దింది. "కూర్చోండి బాబూ. ఇది మీ ఇల్లు కాదూ" అంది, తలుపువైపు చూస్తూ.

పదకొండో నిమిషంలో మన కీపరు బంతిని చక్కగా పట్టుకుని, అటూ ఇటూ చూసి, అవతలి జట్టువాడి కాళ్ళ ముందుకి దొర్లించాడు. ఒకటి.

ఎవరూ అల్లుడివైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడం అతను ఎప్పుడూ ఎరగడు. మామగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. బావమరిది కాసేపు ఓర్చుకుని, "బావా, ఇవాళ ఊళ్ళో లిఫ్టులన్నీ బాగానే తిరుగుతున్నాయా? ఎవరూ ఇరుక్కోలేదా పాపం" అన్నాడు.

"నోర్ముయ్ రా" అంది వాడి అక్క, అంటే మెకానిక్కు భార్య.

"నేనేమన్నానే. జనం క్షేమం అడిగాను."

మన కెప్టెను కూరలు బేరమాడ్డానికి వచ్చినట్టు మైదానమంతా తీరుబడిగా నడుస్తున్నాడు. రెండో గోలుకి మన డిఫెండరు ఎవరూ తగలకుండానే పడిపోయి, పడ్డచోటే కూర్చుని చూశాడు. లిఫ్టు మెకానిక్కు సోఫా అంచుకి జరిగాడు. చదువుకున్నవాడు, మోటార్లు విప్పి బిగించేవాడు, తను సోఫాలో కూర్చుంటే ఎక్కడో మైదానంలో ఒకడి కాలు జారదని తెలుసు. తెలిసినా కాళ్ళు తలుపువైపే లాగుతున్నాయి. లేస్తే చాలు, అందరి ప్రాణమూ కుదుటపడుతుంది. పక్కనే కూతురు టీవీ చూడ్డం లేదు. ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

సగం ఆట అయ్యాక మామగారు మంచినీళ్ళ మిషతో అతన్ని వంటింట్లోకి పిలిచాడు.

"మీకు తెలియనిది కాదు. మా వాడు కుర్రకుంక, నోటికొచ్చింది అంటాడు. కానీ రెండంటే ఇంకా అందుకోవచ్చు. మీరొక్క అరగంట..."

అతను వెంట తెచ్చిన ఆటల పుస్తకం పొయ్యి గట్టు మీద తెరిచి పెట్టాడు. "అరవై రెండు ఆటలు మావయ్య గారూ. నేను అన్నిటికీ బయటే ఉన్నాను. ముప్పై ఏడు ఓడిపోయాం."

"ఓడినవాటికి కారణాలు రాశానుగా."

రాశాడు. కారణాల గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు. 'అల్లుడు గారు రెండుసార్లు దగ్గారు.' 'తలుపు సందులోంచి చూశారని అనుమానం.' 'స్టూలు ఒక మెట్టు కిందికి జరిగింది.'

"దగ్గు వస్తే ఏం చెయ్యను" అన్నాడు అతను, మెల్లగా.

"మిమ్మల్ని తప్పు పట్టలేదు. రాసిపెట్టానంతే."

"ఈ పక్క గడి చూడండి."

మామగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూశాడు. ఆ పుస్తకంలో ఇంకొకరి చెయ్యి పడితే ఒప్పుకునే మనిషి కాదు. పెన్సిలు గీతని బొటనవేలితో తడిమాడు, కుట్టు సరిగా పడిందో లేదో తడిమి చూసినట్టు. 'నేను' దగ్గర వేలు ఆగింది. తర్వాత 'బయట' దగ్గర, నాలుగుసార్లు.

"ఇది ఎక్కడ కూర్చుంటోంది?"

"బాల్కనీలో. స్కూల్లో మెట్ల కింద."

మామగారు నీళ్ళు తాగడం కూడా మరిచిపోయి గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఆట మొదలైన నాలుగు నిమిషాలకి కీపరు మొదట చేసిన పనే ఇంకోసారి చేశాడు. మూడు. బావమరిది చెప్పు తీశాడు కానీ విసిరే ఓపిక లేక మళ్ళీ తొడుక్కున్నాడు. అప్పుడు పిచ్చుక లేచింది. తండ్రి వీపు వెనకనుంచి మెత్త లాక్కుని చంకలో పెట్టుకుంది.

"నువ్వు కూర్చో నాన్నా. నేనొక్కదాన్నే వెళ్తే సరిపోతుందేమో చూద్దాం."

అతను చెయ్యి చాచాడు కానీ అందలేదు. పిల్ల తలుపు దాకా వెళ్ళింది.

"ఆగవే పిచ్చుకా" అన్నాడు మామగారు.

"తాతయ్యా, మూడయ్యాయి."

"చూశాను. ఆ కీపరు బంతి ఎవరికిచ్చాడు?"

"వాళ్ళకి."

"నువ్విమ్మన్నావా?"

"లేదు."

"మీ నాన్న ఇమ్మన్నాడా?"

పిల్ల తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది. నిజంగానే ఆలోచించింది. "లేదు" అంది చివరికి.

"మరింకేం. ఓడిపోవడానికి వీళ్ళకి మన సాయం అక్కర్లేదే. ఆ విద్య వాళ్ళకి బాగా వచ్చు." ఆయన గొంతు పెరిగింది. "నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టాను. ఒక్క కాగితం ఊడితే మనిషి వెనక్కొచ్చి నా మొహాన కొట్టేవాడు. వీళ్ళని అడిగేవాడు లేడు. వీళ్ళు కాళ్ళతో చేసే పాపానికి నేను పదేళ్ళు ఇంటల్లుణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టానా?"

"అయితే నాన్నా," అన్నాడు బావమరిది, దిక్కుతోచనట్టు, "ఆరోజు పావుగంటలో మూడు కొట్టారుగా. అదెలా మరి?"

ముసలాయనకి అది గట్టి దెబ్బే.

"ఆరోజు బాగా ఆడారు" అన్నాడు. పన్ను పీకించుకున్నంత కష్టంగా అన్నాడు.

లిఫ్టు మెకానిక్కు లెక్క వేసుకున్నాడు. ఓడిన ముప్పై ఏడూ తన నెత్తిమీంచి దిగిపోయాయి, నిజమే. గెలిచినవీ వాటితోనే వెళ్ళిపోయాయి. మెట్ల మీద తను ఆడించిన ఆట ఏదీ లేదు. ఒక మనిషి స్టూలు మీద కూర్చుని టీ తాగాడు, అంతే. ఇంత చిన్నవాడినా అనిపించింది. అలా అనిపించినంతసేపూ కూతురు అతన్నే చూస్తోంది. అతను సోఫాలో కాస్త జరిగి, పక్కన చోటు చూపించాడు.

మామగారు మోకాళ్ళు పటపటమంటుండగా లేచి, తలుపు తీసి, మెట్ల మీది స్టూలు లోపలికి తెచ్చి టీవీకి ఎదురుగా వేశాడు. పిచ్చుక సోఫా వద్దని దాని మీదెక్కి కూర్చుంది. అక్కణ్ణించి బాగా కనిపిస్తుందట.

ఇక ఆశ లేకపోయాక గది తేలికపడింది. అందరూ తిట్టడం మొదలుపెట్టారు, ఇంట్లో దారితప్పిన పిల్లల్ని తిట్టినట్టు, పేరు పేరునా. కెప్టెనుకి పెళ్ళయ్యాక బద్ధకం పట్టిందని అత్తగారు తేల్చింది. ఆ కీపరు తన బస్సు ఎక్కితే స్టాపు దాటించి దింపుతానని బావమరిది ఒట్టేశాడు. "పాపం, వాడి చేతులు చూడు, వణుకుతున్నాయి. అన్నం తిన్నాడో లేదో" అంది భార్య. నాలుగో గోలుకి మామగారు నవ్వేశాడు.

చివరి నిమిషంలో, ఎటో పోవాల్సిన బంతి మనవాడి మోకాలికి తగిలి, స్తంభానికి కొట్టుకుని లోపల పడింది. ఆ మనవాడే ఆశ్చర్యపోయాడు. ఒకటికి నాలుగు. ఎవరూ కదల్లేదు.

లిఫ్టు మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలీదు. చేతులేం చెయ్యాలో తెలియక రెండూ పైకెత్తి, ఒకసారి చప్పట్లు కొట్టి, మళ్ళీ పైకెత్తాడు. పదేళ్ళుగా గోడ అవతలినుంచి విన్న చప్పుడు తన నోట్లోంచి రావాలని చూశాడు కానీ దగ్గు వచ్చింది.

"కూర్చో బావా, ఓడిపోతున్నాం" అన్నాడు బావమరిది.

"నాన్న గోలు చూశాడు" అని పిచ్చుక స్టూలు మీద ఊగుతూ అందరికీ చెప్పింది.

ఆట అయిపోయాక మామగారు పుస్తకం తెప్పించాడు. తేదీ వేసి, ఒకటి నాలుగు అని రాశాడు. అల్లుడి గడిలో 'లోపల' అని రాశాడు. కారణాల గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది. చివరికి 'చెత్తగా ఆడారు' అని రాసి, చిన్న గీత గీశాడు. తర్వాత పుస్తకం మనవరాలికిచ్చి, రబ్బరు కూడా ఇచ్చాడు. పిల్ల పాతవి చెరపలేదు. అవి జరిగినవేగా అంది. కొత్త వరసలో మాత్రం 'లోపల, స్టూలు మీద' అని గడి దాటిపోయేలా రాసింది.

వెళ్ళేటప్పుడు మామగారు గుమ్మం దాకా వచ్చాడు. అతను చెప్పులు వేసుకుంటుంటే గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడు గారూ, మీరు మరోలా అనుకోకపోతే..."

అతను అలవాటు కొద్దీ ఆగాడు. పిచ్చుక కూడా మెట్టు మీద ఆగింది.

"వచ్చే ఆటకి కాస్త ముందే రండి. మీరు కూర్చున్న మూల స్ప్రింగు పోయింది. ఆలస్యమైతే మంచి చోటు మా వాడు పట్టేస్తాడు."