మొదటి పేరు

కుమ్మరి కానియస్ వీపు మీద బెత్తాలు విరుగుతుంటే రోమ్ సంత మొత్తం నోరు మూసుకుని చూసింది. పోయిన యుద్ధానికి పిలిస్తే రాలేదట, అదీ అతని నేరం. పెళ్ళాం పురిట్లో ఉంది మొర్రో అని అతను అరుస్తున్నా లిక్టర్లు, రోమ్‌ని ఏలే కాన్సల్ వెంట బెత్తాల కట్టలు మోసుకుతిరిగే ఆ భటులు, చెయ్యి ఆపలేదు. జనంలో నిలబడ్డ కుర్రాడు టైటస్, పక్కనున్న తన తండ్రి వైపు చూశాడు. తండ్రి సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ యుద్ధానికి అందరికంటే ముందు "ఉన్నా" అని పలికింది ఆయనే.

అది పేరు తెచ్చిన తంటా. వాళ్ళ ఇంటిపేరు సాల్వియస్, అంటే క్షేమం. సైన్యానికి మనుషుల్ని పిలిచేటప్పుడు మొదటి పేరు శుభంగా ఉండాలని రోమ్‌లో ఆనవాయితీ. అందుకని దండోరావాడు ఎప్పుడూ ముందు టైటస్ తండ్రినే పిలుస్తాడు, ఆయన పలుకుతాడు, ఆ వెనకే పేదలందరూ బుద్ధిగా వరస కడతారు. వాళ్ళు నెత్తురోడ్చి గెలిచిన పొలాల్లో దొరల పశువులు మేస్తాయి. టైటస్ అన్న అలా వెళ్ళి తిరిగి రాలేదు. ఈ ఏడు టైటస్‌కీ వయసొచ్చింది.

మళ్ళీ యుద్ధమట, మర్నాడే పిలుపులట. ఆ సాయంత్రం అవెంటైన్ గుట్ట మీద కానియస్ ఇంటి ముందు జనం పోగయ్యారు.

"భూమి పంచేదాకా కత్తి పట్టం. అంతే!" అన్నాడొక కమ్మరి.

"అనడానికేం, బాగానే అంటావు" వితంతువు టిటీనియా టైటస్ తండ్రి సాల్వియస్ వైపు వేలు చూపింది. "రేపు ఈ మహానుభావుడు పలకగానే అందరూ వెనకాల పోరూ? కసాయివాడు మందకి ముందు నడిపించే పొట్టేలువయ్యా నువ్వు! నీ వెంటే పోయాడు నా మొగుడు."

సాల్వియస్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "నిజమేనమ్మా. నా కొడుకూ అలాగే పోయాడు. రేపు పలకను."

"పలక్కపోతే ఇంకో మంచి పేరు పిలుస్తారు. వలేరియస్ లేడూ?" అన్నాడు కమ్మరి.

"నేను మాత్రం పలుకుతానా?" బక్కపల్చని వలేరియస్ వెనకనించి అరిచాడు. "బలవంతుడని పేరు పెట్టింది మా అమ్మ. బలం ఒంట్లో లేకపోయినా పేరులోనైనా ఉండాలిగా!"

ఏడుపు మొహాల్లోనూ నవ్వు పుట్టింది.

"దేవుళ్ళకి కోపమొస్తుందర్రా" అని గొణిగాడొక ముసలాయన.

"మన పిల్లలు చచ్చినప్పుడు రాని కోపం ఇప్పుడెందుకొస్తుంది తాతా?" అంది టిటీనియా.

పేదలు తమ తరఫున ఎన్నుకున్న ట్రిబ్యూన్ పుపియస్ లేచాడు. "నా ఒంటి మీద చెయ్యి వేసినవాడికి చావే, అది చట్టం. సాల్వియస్‌ని పట్టుకుంటే నేను అడ్డం నిలబడతా" అని మాటిచ్చాడు.

మర్నాడు ఊరి నడుమ జనం చేరే ఫోరం కిటకిటలాడింది. దండోరావాడు గొంతు సవరించుకుని పిలిచాడు: "సాల్వియస్!"

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఎదురుగానే నిలబడ్డ మనిషి పెదవి కదపలేదు. వేదిక మీద కాన్సల్ మొహం కందగడ్డయింది. వేలు ఊపగానే లిక్టర్లు సాల్వియస్ బట్టలు లాగేశారు.

పుపియస్ పరుగున కదిలాడు. దొరల కుర్రకారు అతని చుట్టూ గోడ కట్టారు. ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు, దారీ ఇవ్వలేదు. చట్టం చెక్కు చెదరలేదు మరి!

"జనానికే మొరపెట్టుకుంటున్నా! నా తీర్పు మీరే చెప్పండర్రా!" అని కేక పెట్టాడు సాల్వియస్. రోమ్ పౌరుడు ఆ మాటంటే కాన్సలైనా ఆగి తీరాలి.

"జనమా? ఎక్కడ?" అన్నాడు కాన్సల్. "కొట్టండి."

బెత్తాలు లేచాయి. ముసలి ఒళ్ళు, ఎన్ని దెబ్బలు కాస్తుంది? అప్పుడు కాన్సల్ తియ్యగా అన్నాడు: "వీడి కొడుకుదీ ఆ పేరేగా. వాణ్ణి పిలువు. పలికితే తండ్రిని వదిలేస్తాం."

"టైటస్ సాల్వియస్!"

టైటస్ ఒక అడుగు ముందుకేశాడు. ఒక్క మాట, ఒక్కటే మాట, నాన్న బతుకుతాడు. నోరు తెరిచాడు. నేల మీదనించి తండ్రి తల పైకెత్తాడు.

"వద్దురా నాయనా! ఈ పలకడం నీతోనే ఆగిపోవాలి!"

టైటస్ పిడికిలి నోట్లో కుక్కుకుని కొరికాడు. దండోరావాడు మళ్ళీ పిలిచాడు. బెత్తాలు మళ్ళీ పడ్డాయి. ఆ తర్వాత ఒక లిక్టర్ వంగి చూసి, వెనక్కి జరిగాడు.

మెట్ల మీద సెనేట్ పెద్దలు గుసగుసలాడారు. "అపశకునం! క్షేమాన్ని మన బెత్తాలతోనే చంపుకున్నాం..."

"వలేరియస్‌ని పిలువు!" కాన్సల్ గొంతు పగిలింది.

వలేరియస్ జనంలోంచి ముందుకొచ్చాడు. దొరల మొహాలు వెలిగాయి. అతను వేదిక వైపు చూడనైనా లేదు, శవం కాళ్ళ దగ్గర కూర్చుని, "పట్టరా టైటస్" అన్నాడు.

టైటస్ తండ్రి భుజాల కింద చేతులు పెట్టి ఎత్తాడు. గొల్లుమని ఏడ్చాడు, ఏడుస్తూనే నడిచాడు. కానియస్ వాచిన వీపుతో వెనక నడిచాడు, టిటీనియా నడిచింది, ఫోరం ఫోరమంతా నడిచింది.

ఊరి వాకిలి దగ్గర టిటీనియా అడిగింది: "ఎక్కడికిరా అబ్బాయ్?"

"ఊరవతలికి పిన్నీ. నాన్నని పూడ్చిపెట్టి అక్కడే ఉండిపోదాం. దున్నేదీ మనమే, గోడలు కాసేదీ మనమే. ఊళ్ళో దొరలనే ఉండనీ, ఎన్నాళ్ళుంటారో చూద్దాం."

వెనక దండోరావాడు ఇంకా పేర్లు పిలుస్తూనే ఉన్నాడు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.