పిన్ని చెప్పిన తొమ్మిదేళ్లు

పొద్దున్న ఎనిమిదింటికల్లా షట్టరు ఎత్తడం, కొట్టు ఊడవడం, బల్ల మీద పాత దుప్పటి పరిచి పనిముట్లు సర్దుకోవడం. మిక్సీల పిన్ని రోజు అలా మొదలయ్యేది. నిజానికి ఆవిడ ఒక్క పిల్లకే పిన్ని. అక్క కూతురు చిన్నప్పుడు కొట్టు అదిరిపోయేలా "పిన్నీ, పిన్నీ" అని అరుస్తుంటే విని విని వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసేసింది. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన బ్యాంకు గుమస్తా కూడా "పిన్నిగారూ, ఈ ఇస్త్రీపెట్టె కాస్త చూడండి" అనేవాడు.

చూడటమంటే ముందు ఎడమ అరచెయ్యి ఆనించడం. చెయ్యి పెడితే చాలు, ఆ వస్తువు ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో ఆవిడకి తెలిసిపోయేది. ఫ్యానుకి ఆరేళ్లంటే ఆరేళ్లే. ఈ మిక్సీ మంగళవారం దాకానే అంటే బుధవారం ఆ ఇంట్లో మిక్సీ మోత ఉండేది కాదు. ఎంత బాగుచేసినా ఆ లెక్క మారేది కాదు. బాగుచెయ్యడమంతా ఉన్న నాలుగు రోజులూ అది సతాయించకుండా తిరగడానికే. ఇదేమిటి, ఎలాగని ఎవరూ అడిగేవాళ్లు కారు. ఒకరికి గొంతు బాగుంటుంది, ఒకరికి చేతిరాత బాగుంటుంది, ఈవిడకి అరచెయ్యి, అంతే.

అక్కది ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని. షిఫ్టుల ఉద్యోగం కావడంతో పిల్ల పెరగడమంతా పిన్ని కొట్లోనే జరిగింది. హోంవర్కు ఆ బల్ల మీదే, అలకలూ ఆ బల్ల కిందే. పిన్నికి పెళ్లి లేదు. ఆ ఊసెత్తినవాళ్లకి స్క్రూడ్రైవర్ చూపించేది. ఆవిడకున్నదల్లా ఆ పిల్లే. అలాంటి పిల్లకి పక్క ఊరు కూడా కాదు, తొమ్మిది గంటల బస్సు ప్రయాణంలో ఉన్న విశ్వవిద్యాలయంలో, ఇళ్లూ భవనాలూ గీసే చదువులో సీటొచ్చింది. మొదటి టర్ములో తప్పితే సీటు పోతుందని ఉత్తరంలోనే రాశారు. ఏ రకం లాప్‌టాప్ కావాలో ఇంకో కాగితం జతచేశారు.

"నువ్వు చెయ్యి పెట్టి చెప్పు పిన్నీ, నాకా కాగితంతో పనిలేదు" అంది పిల్ల.

ముగ్గురూ కలిసి పాత లాప్‌టాప్‌లు అమ్మే కొట్టుకి వెళ్లారు. కొట్టువాడు పిన్నిని చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నల్లటిది, ఇటుకంత బరువు, మూల కాస్త సొట్ట. రెండోది వెండి రంగుది, సన్నగా, ముద్దుగా ఉంది. పిల్ల కాగితం చూసుకుని, బొమ్మలు గియ్యడానికి నల్లదే నయమేమో అంది. పిన్ని నల్లదాని మీద చెయ్యి పెట్టింది. తొమ్మిదేళ్లు. వెండిదాని మీద పెట్టింది. అయిదు నెలల పన్నెండు రోజులు.

నోరు తెరిచేముందు ఆవిడకి ఖాళీ బల్ల కనిపించింది. సాయంత్రం నాలుగింటికి ఎవరూ రాని కొట్టు కనిపించింది. అయిదు నెలలకి చదువు కుదరక పిల్ల వచ్చేస్తే, అన్న ఆలోచన పూర్తిగా రానే లేదు, నాలిక దాన్ని దాటేసి ముందుకెళ్లిపోయింది.

"వెండిదే తీసుకో. తొమ్మిదేళ్లు ఢోకా లేదు" అంది. "నల్లది ఆర్నెల్లు కూడా రాదు."

పిల్ల కాగితం మడిచేసింది. అక్క సంచీ తెరిచింది. కొట్టువాడైతే, పిన్నిగారంతటివాళ్లు చెప్పాక ఇంకెందుకని నల్లదాన్ని అప్పటికప్పుడే విప్పదీసే సామాను గుట్టలో పడేశాడు. ఆ చప్పుడికి పిన్ని ఉలిక్కిపడింది. ఒక్క మాట చాలేది. ఆ మాట అనలేదు, ఎంత పాపం!

మర్నాడు కొట్లో కూర్చుని లాప్‌టాప్ సిద్ధం చేశారు. పాతవాడి ఫైళ్లన్నీ తుడిచేశారు. పిల్ల తన పేరు పెట్టుకుంది, తెలుగు అక్షరాలు ఎక్కించుకుంది, బొమ్మలు గీసే ప్రోగ్రాము దింపుకుంది. పాస్‌వర్డ్ ఏం పెట్టావని వాళ్లమ్మ అడిగితే, మీకు చెబితే అది పాస్‌వర్డ్ ఎందుకవుతుందని నవ్వింది. పిన్నికి నవ్వు రాలేదు. చేసిన పనంతా రోజూ ఇంకోచోట కూడా కాపీ పెట్టుకోమని మెల్లగా చెప్పి చూసింది.

"తొమ్మిదేళ్లు బతికేదానికి కాపీలెందుకు పిన్నీ? నీ చెయ్యి ఎప్పుడైనా తప్పిందా?"

ఆ వీధిలో పుట్టి పెరిగిన పిల్ల మరి. అక్కడ ఎవరూ దేనికీ కాపీ పెట్టుకోరు, టార్చిలైటుకి అదనంగా సెల్లు కొనుక్కోరు. పిన్ని చెప్పిన రోజు దాకా నిశ్చింతగా ఉంటారు. తన చెయ్యే ఆ పిల్లకి ముందుచూపు లేకుండా చేసిందని పిన్నికి అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చి కూడా ఛార్జర్ వైరు చుట్టి సంచీలో పెట్టి ఇచ్చింది.

పిల్ల వెళ్లిపోయింది. రెండో నెలలో ఫోన్ చేసి, టర్ము మొత్తం పని కలిపి ఇవ్వాల్సిన తేదీ చెప్పింది. పిన్ని ఫోన్ పెట్టేసి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి, వేలితో ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయింది. సరిగ్గా వెండిది పోయే రోజే. ముందూ లేదు, వెనకా లేదు.

ఆ వారం ఆవిడ ఎవరికీ గడువు చెప్పలేకపోయింది. చెయ్యి పెడితే అంకె వచ్చేది గానీ, రేపు రమ్మని పంపేసేది. రోజూ పిల్ల నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసేది. చెబితే పిల్ల ఏమంటుంది? అసహ్యించుకుంటే? వీధి ఏమనుకుంటుంది? ఆఖరికి సిగ్గు చంపుకుని పాత లాప్‌టాప్‌ల కొట్టుకి వెళ్లి నల్లదాని గురించి అడిగింది. "ఇంకెక్కడిదమ్మా, మీరు చెప్పినరోజే ముక్కలు ముక్కలు చేసి అమ్మేశాం కదా" అన్నాడు కొట్టువాడు. బంగారంలాంటి యంత్రం, తన మాట మీద పోయింది.

ఆ గుట్ట ముందే చతికిలబడి, ఒక్కో ముక్క మీద చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. తెర, పదకొండేళ్లు, వద్దు. ఇంకో తెర, ఇరవై ఆరు, ఇది ఉంచు. మరమ్మతులన్నీ పక్కనపెట్టి మూడు నెలలపాటు ఊళ్లో ఉన్న గుట్టలన్నీ గాలించింది. బూడిద రంగు మూత, నీలం అడుగు, కీబోర్డులో సగం ఒకదానిది, సగం ఇంకొకదానిది. మిక్సీలు తప్ప తెలియని మనిషి, కంప్యూటర్లు బాగుచేసే కుర్రాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు వెక్కిరిస్తున్నా పట్టించుకోకుండా అతుకులు నేర్చుకుంది. చూస్తే నవ్వొచ్చే వాలకం, బొంతలాగా ఉంది. బతికింది. బొమ్మలు గీసే ప్రోగ్రాము కూడా ఎక్కించింది. మొత్తంగా దాని మీద చెయ్యి పెట్టడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి హాస్టల్ ముందు బస్సు దిగింది. చెప్పా పెట్టకుండా వచ్చిన పిన్నిని చూసి పిల్ల ఎగిరి గంతేసింది. పన్నెండింటికి అప్పజెప్పాలి, అన్నీ అయిపోయాయి, చూపిస్తా రమ్మని చెయ్యి పట్టుకుని లాగింది. పిన్ని కదల్లేదు.

"ముందు నీ పనంతా దీన్లోకి ఎక్కించుకో. నీది ఇవాళ పోతుంది."

"తొమ్మిదేళ్లన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. కొన్న రోజే నాకు తెలుసు."

పిల్ల మొహంలో రంగులు మారాయి. అయినా ఆ వీధి పిల్ల కదా, పిన్ని చెయ్యి చెప్పిందంటే పోతుందంతే. ప్రశ్నలు తర్వాత. సందర్శకుల గదిలో రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి, పెదవి బిగించుకుని ఫైళ్లు దాటించింది. పెద్ద పెద్ద బొమ్మలు, నత్తనడకన కదిలాయి. పిన్ని పిల్ల మొహం చూడలేక నేల చూస్తూ కూర్చుంది. తొమ్మిదిన్నరకి అయిపోయింది. పిల్ల బొంత లాప్‌టాప్ తెరిచి ఒక్కో బొమ్మా సరిచూసుకుంది. పదకొండు దాటాక వెండిదాని తెర తెల్లబడి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

"ఎందుకు పిన్నీ?"

"నువ్వు వచ్చేస్తావని."

పిల్ల వెండిదాని మూత మూసేసింది. తిట్టినా బాగుండేది. కొత్తదాన్ని చంకన పెట్టుకుని పని అప్పజెప్పడానికి వెళ్లిపోయింది. ఒంటిగంట దాటాక తిరిగొచ్చి, బెంచీకి ఆ చివర కూర్చుంది. అప్పజెప్పానంది. తర్వాత లాప్‌టాప్‌ని పిన్ని ముందుకి తోసింది.

"దీనికెన్నేళ్లు?"

పిన్ని చెయ్యి పెట్టింది. ఇంతవరకు ఏ వస్తువు దగ్గరా, దీనికి అతికిన ముక్కల దగ్గర కూడా, వినని అంకె వచ్చింది. మూడేళ్లని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మూడేళ్లంటే దీన్ని పట్టుకుని అప్పుడైనా ఇంటికొస్తుంది. అంతలోనే తన మీద తనకే రోత పుట్టింది.

"నలభై ఒకటి."

పిల్ల లెక్క కట్టుకుంది. "అప్పటికి నాకు యాభై తొమ్మిది."

"అవును."

"నువ్వు?"

"నేనుండనులేవే."

పిల్ల ఆ బొంత లాప్‌టాప్‌ని తన వైపు లాక్కుంది. ఇంకెప్పుడూ తనకి ఎక్కువ చెప్పొద్దు, తక్కువా చెప్పొద్దు అంది. రెండింటికి క్లాసుందని లేచింది. మెట్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, బస్సెన్నింటికని అడిగి, సంచీలోంచి నీళ్ల సీసా తీసి పిన్ని పక్కన పెట్టి మళ్లీ వెళ్లింది.

పిల్ల ఆ చదువు పూర్తిచేసింది, ఆ పైచదువూ చదివింది, అక్కడే ఇళ్లు గీస్తూ స్థిరపడిపోయింది. వాళ్లమ్మ కూడా రిటైరయ్యాక అక్కడికే వెళ్లింది. పిన్ని ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. లాప్‌టాప్ ఎలా పనిచేస్తోందని అడిగేది. అంతకుమించి అడగడానికి మొహం చెల్లేది కాదు. బాగానే పనిచేస్తోంది పిన్నీ అనేది పిల్ల. అన్నేళ్లలోనూ అది ఒక్కసారైనా చెడిపోలేదు, బాగుచెయ్యమని పిన్ని బల్ల మీదికి ఒక్కసారైనా రాలేదు.