వెలుతురు తగ్గించాక

తులసి ఏం పని చేస్తుందో కళింగపట్నంలో ఎవరికీ సరిగ్గా తెలీదు. "బుర్రల డాక్టరమ్మ" అని పేరు పెట్టేసి ఊరుకున్నారు. ఊరికి వెళ్లినప్పుడల్లా తలనొప్పికి మాత్ర అడిగేవాళ్లే. "నేను ఆ డాక్టర్ని కాదు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇప్పుడు అడిగినవాళ్లకల్లా మాత్ర ఇచ్చేస్తోంది.

మేనత్త లక్ష్మణమ్మకి మాత్రం ఒకసారి కూర్చోబెట్టి చెప్పింది. ఎండుచేపలు తిరగేస్తున్న అత్త పక్కన ఇసకలోనే చతికిలబడి చెప్పింది. పుట్టినప్పుడు తనని ఎత్తుకున్న చేతులు ఆవిడవే. అమ్మ పురిట్లోనే పోతే, నాన్న నూకయ్య వేట కోసం గుజరాత్ పడవలెక్కితే, పెంచిన చేతులూ ఆవిడవే. ఆవిడకి అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమయి ఏం లాభం?

"సూడత్తా, మెదడులో కణాలకి పొడుగాటి కొమ్మలుంటాయి. కొమ్మల మీద కబురు అందుకునేవి కొన్నుంటాయి, గ్రాహకాలంటారు. అవి ఎక్కడో తయారయ్యి, పయనం కట్టి అక్కడికి చేరాల. మైటోకాండ్రియాలని ఇంకో రకం. బలం ఇచ్చేవి అవే. అవీ ఆ దారినే తిరుగుతాయి. ఈ బలం ఇచ్చేవి ఆగిపోతే ఆ గ్రాహకాలు చేరవేమోనని నా అనుమానం."

లక్ష్మణమ్మ చేప తిరగేసి, "అంటే వంటోడు రాకపోతే బోయినాల బంతి కూకోదన్నమాటే కదా. దానికింత సదువెందుకే?" అంది.

అంత మాటకారి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

తులసీ, భర్త ఉమాశంకరూ ఆవిడని విజయనగరం తెచ్చుకుని తమ దగ్గరే పెట్టుకున్నారు. చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి. మాటే రాలేదు. మనం చెప్పేది ఆవిడకి అర్థమవుతోందని, మాటలు ఒక్కొక్కటిగా తిరిగి రావొచ్చని, రాకపోనూవచ్చని డాక్టరు చెప్పాడు. తులసికి అన్ని మాటలూ అక్కర్లేదు. అత్త తనని పేరు పెట్టి పిలిస్తే చాలు. తను ఎవరో ఆవిడకి తెలుసని తెలిస్తే చాలు.

దాని కోసం రోజూ సాయంత్రం ఒక పరీక్ష. ట్యూబులైటు వేసి, అత్తకి ఎదురుగా కుర్చీ లాక్కుని, బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపిస్తుంది. చేప బొమ్మకి "సే..." అని వస్తుంది. గొడుగుకి ఏమీ రాదు. చివరికి తులసి తన గుండె మీద చెయ్యేసుకుని, "నేనెవర్నత్తా? నా పేరు సెప్పు" అంటుంది.

లక్ష్మణమ్మ పెదాలు కలిపి, విప్పుతుంది. "పె..." అని ఆగిపోతుంది. తప్పు చేసినదానిలా కళ్లు దించేసుకుంటుంది.

"కాదత్తా. 'పె' కాదు. తు... తు... అను."

ఆవిడ తల ఇంకా కిందకి వాలిపోతుంది.

"సాల్లే తులసీ, అలిసిపోనాది మనిషి" అంటాడు ఉమాశంకర్.

అప్పుడు తులసి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడుస్తుంది. ఇంకొకరైతే దేవుడి మీద భారం వేసి ఊరుకుందురు. ఈమెకి ఆ సుఖం కూడా లేదు. అత్త మెదడులో చచ్చిపోయిన చోటు చుట్టూ దారిలో ఆగిపోయిన మైటోకాండ్రియాలు, చేరని గ్రాహకాలు కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి. అన్నం పెట్టిన చెయ్యి గుర్తుంది గాని, ఆ చేతి మనిషికి తాను గుర్తులేనేమో అన్న భయం రోజురోజుకీ ముదిరిపోయింది.

పోనీ ల్యాబులోనైనా సుఖముందా అంటే అదీ లేదు. ఎలుక పిల్లల మెదడు కణాలని గాజు పళ్లేల్లో పెంచి, మైటోకాండ్రియాలకి ఎర్ర రంగు, గ్రాహకాలకి ఆకుపచ్చ రంగు వచ్చేలా చేసి, మైక్రోస్కోపు కింద వాటి నడక సినిమా తీయడం ఆమె పని. ఒక ప్రొటీను తీసేసిన కణాల్లో ఎర్రవి ఆగిపోయాయి, పచ్చవి సగం దారిలో పోగుపడ్డాయి. అనుమానం నిజమైందని తులసి పొంగిపోయింది. ఆ పొంగు మీద నీళ్లు చల్లినట్టు, ఏమీ తీయని మామూలు కణాల్లో కూడా అలాగే ఆగిపోయాయి. రంగు మార్చింది, పళ్లెం మార్చింది, కణాలకి పోసే ద్రవం మార్చింది. తన చెయ్యి తప్ప అన్నిటినీ అనుమానించింది.

ఆ రోజు ఆమె కన్నా ముందు మైక్రోస్కోపు దగ్గర పరిశోధక విద్యార్థిని ఝాన్సీ కూర్చుంది. వేరే పని కోసం వెలుతురు బాగా తగ్గించి పెట్టి వెళ్లింది. తులసి అది చూసుకోకుండా, ఇంటి ధ్యాసలో మామూలు కణాల పళ్లెం పెట్టి సినిమా మొదలుపెట్టేసింది. తెర మీద బొమ్మ మసక మసగ్గా వచ్చింది.

"ఏటిది, ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని విసుక్కుని ఆపబోయి, ఆగింది. మసకలో ఒక ఎర్ర చుక్క కదిలింది. దాని వెనక ఇంకోటి. కొమ్మ పొడుగునా నిలుస్తూ, సాగుతూ, వెనక్కొస్తూ, మళ్లీ ముందుకు పోతూ ఉన్నాయి. చాలాసేపటికి పచ్చ చుక్కలు కూడా సాగి కొమ్మల మీద తమ తమ చోట్లకి చేరాయి.

ఝాన్సీ వచ్చి చూసి నోరు తెరిచింది. "మేడమ్, అయితే ఇన్నాళ్లూ వీటిని ఆపింది మనమేనా?"

మనమే. స్పష్టంగా కనబడాలని కణాల మీద అంత వెలుతురు గుమ్మరిస్తే, పాపం అవి తాళలేక ఆగిపోయాయి. తీసిన సినిమాలన్నీ పారబోసి మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే జరిగింది. తులసికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆపేసింది. ఇంట్లో ట్యూబులైటు, ఎదురుగా లాగిన కుర్చీ గుర్తొచ్చాయి.

స్కూటరు మీద ఇంటికి పోతూ దారిలో బజారులో ఆగి రొయ్యలు కొంది. కార్డుల జోలికి పోలేదు. లైటు వెయ్యలేదు. లక్ష్మణమ్మ పెరటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. తులసి ఆవిడ కాళ్ల దగ్గర మెట్టు మీద, ఆవిడకి వీపు పెట్టి కూర్చుని, రొయ్యల తలలు తీయడం మొదలెట్టింది. ఏమీ అడగలేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. వెనక్కి తిరిగి చూడకుండా ఉండటం అంతకన్నా కష్టం.

పక్కింటి గోడ మీద పిల్లి వచ్చి కూర్చుంది. ఎండ వాలిపోయింది. కొంతసేపటికి తులసి ముడి ఊడింది. రొయ్యల చేతులు కదా, సర్దుకోలేదు. వెనక నుంచి అత్త వేళ్లు జుట్టులోకి వచ్చాయి, చిక్కు వెతుక్కుంటూ, బలం లేకుండా.

"పె..."

తులసి పెదవి కొరుక్కుంది. దిద్దలేదు.

"పెం... పెంటీ. జుట్టేటే ఇలాగయిపోనాది?"

తులసి చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది.

తులసి కన్నా ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. ఈ పిల్లయినా దక్కాలని, పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. అక్కణ్నించి ఎత్తుకుని "ఇది నాకు దొరికిన పిల్ల, దీని పేరు పెంటి" అన్నది లక్ష్మణమ్మే. పారేసిన పిల్లని మృత్యువు కూడా ముట్టుకోదని నమ్మకం. తులసి అన్నది బడిలో పేరు. అత్త నోట ఆ పేరు ఎన్నడూ రాలేదు. తులసికి డాక్టరేటు వచ్చిందని తెలిసిన రోజున వీధి మధ్య నిలబడి, "నేటి నుంచి నా పిల్లని పెంటి అన్నోడి పళ్లు రాలగొడతాను" అని ఊరందరికీ చెప్పిందీ ఆవిడే. అప్పట్నించి తను కూడా "అమ్మీ" అనే పిలిచింది. వినక వినక ఆ పేరు తులసే మర్చిపోయింది.

ఆవిడ మర్చిపోలేదు. అడిగిన ప్రతి సాయంత్రమూ సరైన జవాబే నోటిదాకా వచ్చింది. అనకూడదని తనే పెట్టుకున్న ఒట్టు ఒక పక్క, "కాదు, కాదు" అని ఈ డాక్టరమ్మ దిద్దుబాటు ఒక పక్క. పాపం మింగేసుకుంది.

"మళ్లీ అనత్తా" అంది తులసి.

"డా... డాక్టరమ్మవి. అనకూడదు."

"అనత్తా. ఎవరేటనుకుంటే మనకేటి? నాను నీ పెంటినే."

ఇక ఆగలేక వెనక్కి తిరగబోయింది. లక్ష్మణమ్మ ఆ జుట్టు పట్టుకుని, బలం లేని చేత్తోనే ఒక్క లాగు లాగింది.

"కదలకే, పెంటీ. సిక్కు తీస్తన్నాను."