పందులు లేని ఇల్లు

“ఆ బూట్లు పెరటి కుళాయి దగ్గరే వదిలేసి రా అమ్మా రెబెకా, హాల్లోకి తేకు,” అన్నారు మా అత్తగారు రేచల్‌గారు. గేదెల దగ్గరికి వెళ్లొచ్చిన రోజు ఈ మాట రాదు. పందుల దగ్గరికి వెళ్లిన రోజే వస్తుంది. ఆవిడకి ఎలా తెలిసిపోతుందో పన్నెండేళ్లుగా నాకు అంతుపట్టలేదు. బూట్లు కడిగి, కాళ్లు కడుక్కుని, ఆ చేతులతోనే ఆవిడకి టీ పెట్టాను. టీకి మాత్రం ఏ అభ్యంతరమూ ఉండదు.

నేను పశుసంవర్ధక సహాయకురాలిని. మలికిపురం పక్కన మూడు ఊళ్లు చూస్తాను. ఈ నెలంతా పందుల జాబితా పనే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు మా వైపు ఇంకా రాలేదు. వస్తే ఏం చెయ్యాలో ముందే సిద్ధం చేసుకోవాలి. ఎవరింట ఎన్ని పందులున్నాయి, వాటికేం పెడుతున్నారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ రాయాలి. జబ్బు తేలితే చుట్టూ కిలోమీటరులో ఉన్న పందులన్నిటినీ చంపి పూడ్చెయ్యాల్సిందే. దానికి టీకా లేదు. పాత రకం పందిజ్వరానికి ఉంది గానీ, టీకాలు వేసే జట్టు జాబితాలో ఉన్న ఇళ్లకే వెళుతుంది. జబ్బు కనబడితే పెంచేవాళ్లు చెప్పి తీరాలి, తెలిసి దాచిన ఉద్యోగిదీ తప్పే. చట్టం ఈ విషయంలో మొహమాటపడదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ప్రవీణ్, పెరుగు కలుపుకుంటూ, “రేపు మీ అమ్మగారి ఊరేనా?” అన్నారు. అవునన్నాను. “ఆ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మా స్కూల్లో మీవాళ్లకి కొబ్బరితోటుందని చెప్పేను. పోయినేడాదిలాగే కానిచ్చెయ్యి.”

పోయినేడాది మా అమ్మ పేరు ఎదురుగా నేను ‘పందులు లేవు’ అని రాశాను. అప్పుడు పాకలో ఒక తల్లిపంది, ఆరు పిల్లలు ఉన్నాయి. నా పెన్నుతో నేనే రాశాను. ఎవరూ చెయ్యి పట్టి రాయించలేదు.

పొద్దున్నే వంట చేసి, ఆయన క్యారేజీ కట్టి, అత్తగారికి బీపీ మాత్రలు ఇచ్చి, స్కూటరు తీశాను. కాలవగట్టు ఎక్కేసరికి ప్రతిసారీ లాగే వయసు పాతికేళ్లు వెనక్కి పోయింది. ఇదే గట్టుమీద మా అమ్మ జ్ఞానమ్మ రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని వచ్చేది. పెళ్లి భోజనాలు ఎక్కడైతే అక్కడి మిగులు మా పందులకి. మిగతావాళ్లు తెచ్చింది తెచ్చినట్టే పందుల ముందు పోసేసేవారు. అమ్మ మాత్రం పాక వెనక పెద్ద కాగులో పోసి, కొబ్బరిడొక్కల మంట మీద కుతకుతా ఉడికించేది. “ఉడకనిది దాని నోట పెట్టకే. మనకి జబ్బొస్తే చెప్పుకుంటాం, అదెవరికి చెప్పుకుంటాది?” అనేది. మొన్న శిక్షణలో మా పశువుల డాక్టర్ కాశీవిశ్వనాథంగారు తెరమీద బొమ్మలు వేసి మరీ ఇదే చెప్పారు. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. మా అమ్మ మాటని ఇంకెవరి మాటలాగో రాసుకోవడానికి చెయ్యి రాలేదు, అది మా అమ్మ మాటేనని చెప్పడానికి నోరూ రాలేదు.

ఆ మంట పక్కనే పీటేసుకుని నేను చదువుకునేదాన్ని. పొగకి కళ్లు మండితే అమ్మ కొంగుతో తుడిచేది. సాయంత్రం అమ్మ నాలుక చప్పరించి పిలిస్తే ఎక్కడెక్కడి పందులూ గట్టు దిగి పరిగెత్తుకొచ్చేవి. అన్నిటికంటే చిన్న పందిపిల్లని నేను ఒళ్లో పెట్టుకునేదాన్ని. వేడిగా, బరువుగా, గుండె దడదడా కొట్టుకుంటూ ఉండేది. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. ఆదివారం ఎర్రసబ్బుతో రెండుసార్లు రుద్ది చర్చికి పంపేది అమ్మ. అయినా బెంచీ మీద నా పక్క పిల్ల జరిగి కూర్చునేది. ఆ జరగడం నాతోపాటే కాలేజీకి వచ్చింది, ఉద్యోగానికి వచ్చింది, అత్తారింటికీ వచ్చింది. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారే, అలాంటిదాన్ని నేను.

పాకలో ఒక్కటే పంది ఉంది. లేత వయసుది, గోడవైపు పడుకుని ఉంది. అమ్మ పీట వేసింది.

“పెద్దది ఏదమ్మా? పిల్లలు?”

“పోయేయమ్మా. వానల్లో. ఒళ్లు కాలిపోయింది, చెవులు కమిలిపోయేయి. వారంలో అన్నీ పోయేయి. ఇది ఆ తరవాత తెచ్చుకున్నదిలే.”

టీకా వేస్తే ఆగే జ్వరంలాగే ఉంది. “నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే డాక్టరుగారిని తెస్తావు. ఆయనొస్తే, ఈ ఇంటికి టీకా ఎందుకెయ్యలేదని అడుగుతారు గదా. టీకాలోళ్లు పక్కింటిదాకా వచ్చేరు. మన గుమ్మం ముందునుంచే ఎళ్లిపోయేరు.” అమ్మ పంది వీపు నిమిరింది. “జాబితా రాసిందెవరో నాకు తెలుసు గదమ్మా.”

“నేనే రాశానమ్మా, లేవని.”

“ఆయ్. తెలుసు.” కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండును అనిపించింది. “ఇప్పుడూ అదే రాసెయ్యి. దీన్నీ అమ్మేస్తాన్లే. అల్లుడుగారికి నామోషీ.”

ఏడు ప్రాణాలు పోతే, నా ఉద్యోగం కోసం మా అమ్మ నోరు మూసుకుని వాటిని ఒక్కతే పూడ్చుకుంది. కిందటి వానల్లో నేను ఇక్కడికి రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నాకు చేపల పులుసు వండిపెట్టింది. నేను పాకవైపు ఒక్కసారీ వెళ్లలేదు, చీర పాడవుతుందని. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఫారం తీసి, యజమాని అన్న చోట ‘జ్ఞానమ్మ’ అని రాశాను. పంది ఒకటి. ఆహారం, ఉడికించినది. ఫోన్ నంబరు నాది. వద్దే అని అమ్మ చెయ్యి పట్టుకుంటూనే ఉంది. తరవాత డాక్టరుగారికి ఫోన్ చేశాను.

“సర్, పోయినేడాది జాబితాలో నేను ఒక ఇల్లు తప్పుగా రాశాను. తెలిసే రాశాను. అక్కడ ఏడు పందులు జ్వరంతో చనిపోయాయి. అది మా అమ్మగారి ఇల్లండీ.”

“ఇది కాగితం మీద పెడితే మీ మీద చర్య ఉంటుందమ్మా. తెలుసు గదా?”

“ఆయ్. సాయంత్రం రాసి తెస్తానండీ.”

“ఒక్కసారి ఆలోచించుకోండి. ఈ సంగతి ముందు మీవారికి చెప్పేరా?”

“లేదండీ,” అన్నాను. “నష్టపోయింది మా అమ్మ. ముందు ఆవిడకి చెప్పేను.”