మంట లేని పొయ్యి

మంజుల మొదటిసారి మైక్రోవేవ్‌లో గుడ్డు పెట్టిన రోజున అది ఢామ్మని పేలింది. పేలదా మరి? పెంకుతోనే పెట్టింది మహాతల్లి. గిన్నెలో నీళ్లు పోసి, గుడ్డు వేసి, మీట నొక్కి, ఉడికేదాకా చూద్దామని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పెట్టె లోపలంతా సొన చిమ్మితే, ఆ చప్పుడుకి పత్తి జిన్నింగ్ మిల్లు గుమాస్తా మహేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"పగలగొట్టి వెయ్యాలక్కా దీంట్లో. పెంకుతో పెడితే బాంబే," అని నవ్వాడు. షావుకారు వచ్చేలోపు తుడిచెయ్యమని తనే పాత తువ్వాలు అందించాడు.

ఆ మిల్లు ఆఫీసు ఊడ్చి, కరెంటు కెటిల్‌లో టీ పెట్టే పని మంజులది. ఆదోనిలో కొత్త పత్తి దిగడానికి ఇంకా నెలన్నర ఉంది కాబట్టి పొద్దున తొమ్మిది దాకా మహేంద్ర తప్ప అక్కడ మనిషి అలికిడి ఉండదు. మంజుల మొగుడు ఉరుకుందు అదే మిల్లులో హమాలీ. పోయిన సీజన్లో పత్తి బోరాలు వీపున వేసుకుని పరుగులు పెట్టిన మనిషి. ఇప్పుడు నీళ్ల చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. పేగులో గడ్డ ఉందన్నారు.

"ఆపరేషన్ చేస్తే బతుకుతాడు. కానీ రక్తంలో బలం లేదమ్మా. ఇప్పుడు కోస్తే కుట్లు అతకవు," అని కర్నూలు డాక్టరు చెప్పాడు. "మూడు వారాలు రోజూ గుడ్డు పెట్టి తీసుకురా. బలం పెరిగితే చేస్తా. పెరగకపోతే నా చేతుల్లో లేదు."

గుడ్డు. అంత సులువైన మందు ఎవరికి దొరుకుతుంది? మంజులకు మాత్రం అదే దొరకలేదు. శ్రావణమాసం వచ్చి నెత్తిన కూర్చుంది. ఈ దిక్కున శ్రావణమంటే ఉరుకుంద ఈరన్న స్వామి నెల, మాంసం ముట్టరు, గుడ్డు కూడా నీసే. మామూలు ఇళ్లలోనే అంత పట్టింపు ఉంటే, అత్త హులిగమ్మ ఇంకో మెట్టెక్కింది. కొడుక్కి ఆ స్వామి పేరు పెట్టుకున్న తల్లి కదా. "నా కొడుకు లేసి నీ గుడికి నడిసొచ్చేదాకా నా పొయ్యి మీద నీసు ఎక్కదు సామీ," అని పసుపు గుడ్డలో ముడుపు కట్టి దూలానికి వేలాడదీసింది.

"డాక్టరు సెప్పినాడు గదత్తా," అంది మంజుల.

"డాక్టరు కోస్తాడు. బతికిచ్చేది ఈరన్న," అంది హులిగమ్మ.

పక్కింటివాళ్లను అడిగితే పొయ్యి ఇవ్వరు. వీధంతా శ్రావణం పట్టింది. ఇలా దిక్కుతోచని రోజుల్లో, మహేంద్ర తన రొట్టెలు వేడి చేసుకుంటుంటే మంజుల ఆ పెట్టెను కొత్తగా చూసింది.

"దీంట్లో మంట ఉండదా అన్నా?"

"మంటా లేదు, పొగా లేదు. అంతా కరెంటే."

"అయితే ఇది పొయ్యి కాదు గదా?"

"పొయ్యి ఎట్లయితాదక్కా," అన్నాడు, ఏమీ తెలియక. మంజుల ఆ మాటను పంచాయితీ తీర్పులాగా కొంగున ముడేసుకుంది. అత్త మొక్కింది పొయ్యి గురించి. ఇది పొయ్యి కాదు. పైగా అత్తది కూడా కాదు. దేవుడికి ఇంతకంటే ఏం చెప్పాలి?

పేలుడు తర్వాత పని చక్కగా పట్టుబడింది. గాజు లోటాలో రెండు చెంచాల పాలు, కాస్త ఉప్పు, చిటికెడు మిరియాల పొడి. గుడ్డు కొట్టి, సొన చిదిపి, బాగా గిలక్కొట్టి పైన సాసరు మూసేది. అర నిమిషం పెట్టి తీసి కలిపేది, మళ్లీ అర నిమిషం. ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే తీసెయ్యాలి, మిగిలింది ఆ వేడికే గట్టిపడుతుంది. ఎక్కువ పెడితే చెప్పు తోలే. టీ మరిగేలోపు మెత్తటి, వేడివేడి గుడ్డు తయారు.

డాక్టరు నడవమన్నాడని అమ్మకు చెప్పి ఉరుకుందు గోడలు పట్టుకుంటూ రెండు వీధులు దాటి మిల్లుకు వచ్చేవాడు. పత్తి తూచే కాటా గది బెంచీ మీద కూర్చుని, లోటా రెండు చేతుల మధ్య పెట్టుకుని తినేవాడు.

"మెత్తగుండాది. గొంతులో అడ్డం పడలే," అన్నాడు మొదటి రోజు. మంజుల అటు తిరిగి ఏడ్చింది. ఆ వారమంతా ఆమెకు ఆ పెట్టె మీద, మహేంద్ర మీద, ఈరన్న మీద కూడా ప్రేమ పొంగింది. లోటా అడుగు కనిపించిన ప్రతిరోజూ మనిషి కొంచెం తిరిగొచ్చినట్టే అనుకుంది.

రెండో వారం సగం లోటా మిగిలేది. మిల్లు దాకా రావడానికి ఆటో కావాల్సి వచ్చింది. మూడో వారం అతను చాప మీదనుంచి లేవలేదు. వేరే దారి లేక మంజుల లోటాను కొంగు కింద పెట్టుకుని ఇంటికే తెచ్చింది. గుమ్మంలో హులిగమ్మ నిలబడి ఉంది.

"గడప దాటిచ్చొద్దు," అంది. "ఈడ్నే తినిపీ."

మంజుల కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నాకు వాసన తెలీదనుకుంటివా మే? మొదుటి దినమే తెలిసె. నా పొయ్యి మీద ఎక్కలే. నేను సామికి సెప్పింది అంతే గదా."

అత్తాకోడళ్లిద్దరూ చెరొక రెక్క పట్టుకుని అతన్ని గడప బయటికి తెచ్చి కూర్చోబెట్టారు. వెనక ఆనుకోవడానికి తల్లి తన మోకాళ్లు ఇచ్చింది. మూడు చెంచాలు తిన్నాడు. మూడూ కక్కేశాడు.

అయినా గడువు రోజున కర్నూలుకు తీసుకెళ్లింది. డాక్టరు రక్తం కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు.

"పోయినసారి కంటే తగ్గింది."

"గుడ్డు తిన్యాడు సార్. దినామూ తిన్యాడు," అంది మంజుల, ఆ కాగితం అబద్ధమాడుతున్నట్టు.

"తిన్నది ఒంటికి పట్టాలి కదమ్మా." కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు. "ఇంటికి తీసుకుపోండి. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి."

ఈ మాటకు అర్థం తెలియనివాళ్లు లోకంలో లేరు. మంజుల మాత్రం తెలియనట్టే ఉంది. ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఏమైనా కావాలా అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకో వారం చూద్దాం, పాలు ఇంకొంచెం ఎక్కువ కలుపుదాం అని ఆదోని వచ్చేదాకా లెక్కలు వేసుకుంది.

"ఏమన్యాడు?" అని అడిగింది హులిగమ్మ.

"ఇంగో వారం సూడమన్యాడత్తా."

"ఏమడిగితే అది పెట్టమన్యాడు మా," అన్నాడు ఉరుకుందు చాప మీదనుంచి.

హులిగమ్మ కొడుకును చూసింది. తర్వాత బయటికి పోయింది. కాసేపటికి వచ్చి, కొంగులోంచి గుడ్డు తీసి గట్టు మీద పెట్టింది. పెనం పొయ్యి మీద పెట్టి వెలిగించింది.

"అత్తా, ఏం సేస్తాండావు?"

"సిన్నప్పట్నుంచీ వానికి పెనం మీద పోసిన గుడ్డంటే పానం."

మంజుల ఆమె మణికట్టు పట్టుకుంది. మూడు వారాలు ఆ మొక్కును ఎలా దాటాలా అని తిప్పలు పడినదే, ఇప్పుడు దానికోసం కాళ్లావేళ్లా పడింది. అత్త ఆ మొక్కు పట్టుకుని ఉన్నంతకాలం అతను లేచి నడుస్తాడని ఈ ఇంట్లో ఒకరైనా నమ్ముతున్నట్టు కదా.

"ఒద్దత్తా. రేపు మిల్లులో నేనే సేసుకొస్తా. నీ పొయ్యి మీద మాత్రం ఎక్కిచ్చొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

"నడిసొస్తాడనే గదే మొక్కింటి," అంది హులిగమ్మ. కోడలి వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకుని, గుడ్డును పెనం అంచుకు కొట్టింది.

నూనె చుయ్యిమంది. ఆ చప్పుడుకు అర్థం ఉరుకుందుకీ తెలిసినట్టుంది. మంజుల తిరిగి చూసేసరికి గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు.