కాఫీకి కొత్త పెట్టిన ఏడు

నిర్మల రేకుముక్కను గోడకు ఆనించి, పెయింటు డబ్బా గడప పక్కన పెట్టి, తాను మాత్రం వాకిట్లోనే నిలబడింది.

"ఒక్క మాట రాయాలి మేస్టారూ. కాఫీ మందు అని రాసెయ్యండి, సాలు."

ఫిలిప్పు మాస్టారు అప్పుడే బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ రేకు వైపు చూశాడు. నీలం రంగు పూసి, ఆరబెట్టి, శుభ్రంగా తెచ్చింది.

"ఏ జబ్బుకి మందు?"

"ఏ జబ్బుకైతే ఏటి? మీరు మరీ ఇస్కూలు గుంటల్ని అడిగినట్టు అడుగుతారు," అని నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు.

ఆమె బాధ మాస్టారికి కొంత తెలుసు. ఘాట్ రోడ్డు మలుపులో, బళ్ళు ఆగేచోట, నిర్మల చిన్న పాక వేసుకుంది. గింజలు సొంత తోటవే. వచ్చినవాళ్ళ కళ్ళముందే మట్టి మంగలంలో వేయించి, రోట్లో దంచి, గుడ్డలో వడగట్టి ఇస్తుంది. పై మలుపులో మైదానంనుంచి వచ్చిన తాతారావు దుకాణం పెట్టాడు. వాడిది నిలువెత్తు ఫ్లెక్సీ. తాజా కాఫీ తాగితే షుగరు మాయం, బీపీ మాయం, గుండెకు కవచం అని ఎర్రటి అక్షరాలు. బళ్ళన్నీ అక్కడే ఆగుతున్నాయి.

అదైనా ఓర్చుకునేదే. మొన్న పట్నంనుంచి వచ్చిన ఒకావిడ గ్లాసు చేతిలోకి తీసుకుని, "ఏమ్మా, నువ్వూ రోజూ తాగుతావా?" అని ఊరికే అడిగింది. నిర్మల ఉన్నమాట చెప్పింది. మేం తాగం అంది. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్ళి కారెక్కింది. పండించినవాళ్ళే ముట్టరట అని ఆవిడ డ్రైవరు దారిపొడుగునా చెప్పుకుంటూ పోయాడు. ఆ తర్వాత పాక ముందు ఆగిన బండి లేదు. చలికాలం దాటితే ఇక బళ్ళే రావు.

"అయితే తాగు. ఎవరొద్దన్నారు?" అన్నాడు మాస్టారు.

"ఇంకెవులు, మా అత్త!"

కొండమీద ఏ పంటకైనా కొత్త పెట్టాలి. కొర్రలు కోతకొస్తే కొర్రకొత్త, చిక్కుడు కాస్తే చిక్కుడుకొత్త, మామిడికి మామిడికొత్త. ముందు కొండదేవత జాకరమ్మకు పెట్టి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ నోట పెట్టడం. కాఫీ అలా వచ్చిన పంట కాదు. తాతల కాలంలో సర్కారువాళ్ళు మొక్కలిచ్చి నాటమన్నారు, నాటారు. పళ్ళు కోయడం, తొక్క తీసి ఎండబెట్టడం, సంతకు మోసుకుపోవడం. అది తిండి అని ఎవరికీ తోచలేదు. అందుకే దానికి కొత్త లేదు. కొత్త పెట్టనిది తన ఇంట్లో ఎవరూ నోట పెట్టరాదని నిర్మల అత్త సోములమ్మ పట్టు.

"మందుకైతే కొత్త అక్కర్లేదు కదా!" నిర్మల గొంతు తగ్గించింది. "ఏరు తవ్వి నూరి మింగుతాం, బెరడు కాసి తాగుతాం. రోగమొచ్చినోడు పండగదాకా ఆగుతాడేటి? అది మందని తేలితే తాగొచ్చని మా అత్తే ఒప్పుకుంది. సంత మర్నాడు పెద్దలు కూకుంటారు. మీరొచ్చి మందని సెప్పాలి. మేస్టారు అబద్ధం ఆడడని మా అత్త నమ్మకం. అదే నా కరమ."

మాస్టారు తువ్వాలు దండెం మీద వేశాడు. మందు అనే మాటను ఆయన ఈమధ్య తేలిగ్గా వాడడం లేదు. పోయిన వానాకాలం ఆయన భార్య లిదియా కన్నుమూసింది. గుండె జబ్బు. ఆమెకు కాఫీ ఇష్టం. దడ మొదలయ్యాక ఎవరూ చెప్పకుండానే మానేసింది. ఆమెతోపాటు ఆయనా మానేశాడు. ఇంట్లో ఆ వాసన లేక చాలాకాలమైంది.

"తెలుసుకుని చెప్తాను," అన్నాడు చివరికి.

"తాతారావు తెలుసుకునే రాసేడేటి?"

"గింజలు కొన్ని ఇచ్చి వెళ్ళు."

మర్నాడు బడి అయ్యాక మాస్టారు స్టవ్ మీద మూకుడు పెట్టి పచ్చిగింజలు పోశాడు. ఇన్నేళ్ళుగా ఈ తోటల మధ్య ఉంటూ ఆ పని ఒక్కసారీ చేసి చూడలేదు. బూడిదపచ్చ గింజలు మొదట తడిసిన గడ్డి వాసన వేశాయి. రంగు పసుపుకు తిరిగేసరికి జొన్నపేలాల వాసన. ఆ తర్వాత టప్ టప్ అని చిట్లడం మొదలుపెట్టాయి. గోధుమరంగు ముదిరేలోపే దించి చేటలో పోసి విసిరాడు. ఊక లేచి కళ్ళజోడుకు అంటుకుంది.

అప్పటికప్పుడు దంచి కాస్తే నురగ గిన్నె అంచుదాకా పొంగింది. ఒక గుక్క తాగాడు. నాలుక మీద కరుకుగా, పొగబారినట్టు ఉంది. మిగిలిన గింజలు డబ్బాలో పోసి మూతపెట్టాడు. కొన్నాళ్ళు పోయాక అవే గింజలు, అదే కొలత, అవే నీళ్ళు. ఈసారి గొంతులోకి మెత్తగా దిగింది. వెనకాల ఎక్కడో కమలాపండు తొక్కలాంటి పులుపు. ఎందుకిలా? తాజా అంటే అప్పుడే కదా బాగుండాలి? గ్లాసు చేత్తో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఇన్నాళ్ళకు ఒక సంగతి తెలుసుకోవాలని మనసు లాగింది.

ఆ ప్రశ్న పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. లిదియాను చివరిరోజుల్లో చూసింది ఆమే.

"వేయించిన గింజలో గ్యాస్ నిండి ఉంటుంది మాస్టారూ. అది కాస్త పోవాలి. నాలుగు రోజులు ఆగితే రుచి కుదురుతుంది. మరీ నెలలు ఆగితే రుచీ పోతుంది, వాసనా పోతుంది," అంది ఆమె.

"మరి ఒంటికి?"

"మితంగా తాగేవాళ్ళలో షుగరు, లివరు జబ్బులు తక్కువగా కనిపిస్తున్నాయని చదివాను. కాఫీ వల్లే అని ఒట్టేసి చెప్పలేను. వచ్చిన జబ్బును అది తగ్గించదు. పంచదార గుప్పిస్తే ఆ కాస్త మేలూ ఉండదు."

"అప్పుడే వేయించిందైతే మేలు ఎక్కువా?"

"రుచి ఎక్కువ. మేలు ఎక్కువని నేనైతే చదవలేదు. ఇంకోటి, అన్నంతోపాటు తాగొద్దని చెప్పండి. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టదు. ఇక్కడి ఆడవాళ్ళకి ఉన్న రక్తమే తక్కువ."

మాస్టారు తలూపాడు. లేవబోయి ఆగాడు. "గుండె దడ ఉన్నవాళ్ళకి?"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "మనిషిని బట్టి. కొందరికి పడదు. చాలామందికి కొద్దిగా తాగితే ఏమీ కాదు." కలం జేబులో పెట్టి, "మేడమ్‌ది వేరే జబ్బు మాస్టారూ. తాగినా మానినా అది ఆగేది కాదు," అంది.

ఆయన నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

సంత మర్నాడు సోములమ్మ వాకిట్లో, పనసచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. సోములమ్మ చుట్ట ఆర్పి చెవిలో దోపుకుంది. పూజారి ఫల్గుణ మాస్టారికి చాప వేశాడు.

"సెప్పు బావూ. అది మందా, కాదా?" అంది సోములమ్మ.

నిర్మల గుంజకు ఆనుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. ఒక్క మాట. ఆ మాట అంటే రేపే పాక ముందు నిలబడి గ్లాసెత్తి తాగొచ్చు. మాస్టారికి అది తెలుసు.

"మందు కాదమ్మా," అన్నాడు. "మందంటే ఈ జబ్బుకి, ఇంత, ఇన్నాళ్ళు అని చెప్పగలగాలి. దీనికి నేను అలా చెప్పలేను. తాగితే కొంత మేలుంటే ఉండొచ్చు. తిండిలాంటిదే."

"ఒక్క అబద్ధం ఆడితే పళ్ళు రాలిపోతాయేటి మీకు!" అంది నిర్మల. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

సోములమ్మ మాత్రం ఆ మాటనే నోట్లో తిప్పుకుంటోంది. "తిండి," అంది. మళ్ళీ, "తిండేనా బావూ?"

"తిండే."

"తిండైతే మరి దేవతకి పెట్టకుండా ఇన్నేళ్ళు సంతకి మోసినామేట్రా ఫల్గుణా?"

ఫల్గుణ బుర్ర గోక్కున్నాడు. "నాకేటి తెలుసు పిన్నీ. మా అయ్య నాకు కొర్రకి సెప్పినాడు, చిక్కుడుకి సెప్పినాడు. కాఫీకి సెప్పలేదు. ఏ పేరెట్టి పిలిసేది? కాఫీ అంటే జాకరమ్మకి తెలుత్తాదా?"

"అది ఆమె కొండమీదే పండింది. ఆమెకి తెలవదా! నీకు తెలవదని సెప్పు."

వాకిలంతా నవ్వులు. లోపల నిర్మల ఏడుపు ఆగిపోయింది. తిండికి కొత్త లేకపోవడం తప్పని, ఈ వారంలోనే పెట్టాలని, ఇకమీదట పళ్ళ కోత ముగియగానే ప్రతి ఏడూ పెట్టాలని తేల్చారు. పండగల వరసలో కొత్తగా ఒకటి చేరడం అక్కడ కూర్చున్న ముసలివాళ్ళలో ఎవరూ చూడలేదు.

కొత్త రోజున మాస్టారికి బడి ఉంది. అయ్యేసరికి పొద్దు వాలింది. ఆయన వెళ్ళేసరికి జాకరమ్మ రాయి ముందు అడ్డాకు దొన్నెలో నల్లటి కాఫీ, పసుపు, పూలు. నిర్మల అంబలి కాచే పెద్దకుండలో కాఫీ కాచింది. జనం సొరకాయ బుర్రలతో ముంచుకుని, అంబలి తాగినట్టే గటగటా తాగేశారు. కొత్తనాడు కుండలో మిగిల్చితే దేవతకు కోపం. ఎంత తాగాలో ఎవరూ అడగలేదు. మాస్టారు నోరు తెరిచేసరికి కుండ బోర్లించి ఉంది.

తెల్లారి ఊరి సంగతి ఊరే చెప్పుకుంది. ఎవరికీ కన్ను మూతపడలేదట. కొందరు లేచి ఎండిన గింజలన్నీ దంచేశారట. ఫల్గుణ ఇంటి కప్పు మొత్తం విప్పి మళ్ళీ కప్పుకున్నాడట. కోళ్ళకంటే ముందు మనుషులే లేచారని పిల్లలు బడికొచ్చి కడుపు పట్టుకుని నవ్వారు.

మాస్టారు కూడా నవ్వబోయాడు. అప్పుడే సోములమ్మ కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"లోపల ఎవులో డప్పు కొడతన్నట్టుంది బావూ," అంది రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని.

మాస్టారు పిల్లల్ని లెక్కలు చేసుకోమని ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. ముంజేయి అందుకుని మూడు వేళ్ళు పెట్టాడు. ఈ పని ఆయనకు బాగా అలవాటు. లిదియా నాడి తప్పటడుగులు వేసేది, ఒకటి కొట్టి, ఆగి, రెండు కలిపి కొట్టేది. ఈ నాడి తొందరగా ఉంది. కానీ వరస తప్పలేదు. ఇంకాసేపు చూశాడు. తప్పలేదు. వేళ్ళు తీయబుద్ధి కాక పట్టుకునే ఉన్నాడు.

"ఏటి, పోతానా?" అంది సోములమ్మ.

"పోవు. ఎక్కువ తాగావు, అంతే. మంచినీళ్ళు తాగు. అయినా ఒకసారి డాక్టరమ్మకి చూపిద్దాం."

డాక్టరమ్మ చూసి, నవ్వి, సాయంత్రానికి సర్దుకుంటుందని పంపించేసింది. తిరిగొస్తూ ముగ్గురూ మాస్టారింటి అరుగు మీద కూలబడ్డారు. రేకుముక్క ఇంకా గోడకే ఆనుకుని ఉంది. నిర్మల దానివంక చూడడం లేదు. ఇప్పుడు మాస్టారు తాగొద్దంటే అత్త మళ్ళీ తాగనివ్వదని ఆమెకు తెలుసు.

"ఇంక తాగొచ్చా, మానాలా?" సోములమ్మే అడిగింది.

ఆయన వీధిలోకి చూశాడు. "తాగొచ్చు. సొరబుర్రతో కాదు. చిన్న గ్లాసు. పొద్దున పూట. బువ్వతో కాదు. దడ వస్తే ఆపెయ్యాలి."

"అదే రాయి రేకు మీద."

"ఓలమ్మో! తాగొద్దని రాసినట్టే ఉంటాది," అని నిర్మల నెత్తి కొట్టుకుంది. కానీ డబ్బా మూత తనే తీసింది.

మాస్టారు కుంచె ముంచి, నల్లబల్ల మీద రాసినట్టు నిదానంగా, గుండ్రంగా రాశాడు. వేయించి నాలుగు రోజులైన గింజ. రుచికి తాగండి. కొద్దిగా తాగితే మేలుంటే ఉండొచ్చు. అన్నంతో వద్దు. దడ ఉన్నవాళ్ళు డాక్టరునడిగి తాగండి.

"పైన పెద్ద అచ్చరాలతో ఒకటుండాలి కదా," అంది నిర్మల నీరసంగా. "అక్కడేటి రాత్తారు?"

ఆయన ఆలోచించాడు. కచ్చితంగా చెప్పగలిగింది ఏముంది? కుంచె మళ్ళీ ముంచి పైన రాశాడు: జాకరమ్మకు పెట్టి, మేము తాగే కాఫీ.

నిర్మల కూడబలుక్కుని చదివింది. రెండోసారి గట్టిగా చదివింది. "తాతారావు ఇది రాయలేడు," అంది. రంగు ఆరేదాకా కూడా ఆగలేదు. రేకును చీరకు అంటకుండా ఎడంగా పట్టుకుని బేగి బేగి దిగువకు నడిచింది.

సోములమ్మ లేవలేదు. చెవిలోని చుట్ట తీసి, వెలిగించకుండా మళ్ళీ దోపుకుంది.

"మీ ఇంటామె తాగేదా బావూ?"

"ఇష్టంగా తాగేది."

సోములమ్మ గోడకు చేరగిలబడింది. "నాకు రేపటిదాకా వద్దు. నువ్వు కాసుకో. నాను కూకుంటాను," అంది.

మాస్టారు లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించాడు.